చిజమ్ భవనాలు చూడటానికి వచ్చే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆగస్టు 22 మద్రాసు దినం. 1639లో ఆ తేదీనే కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీకి నేల దక్కింది. ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు మన తెలుగువాడే. 2004 నుంచి ఏటా ఆ రోజుల్లో ఊరంతా నడకలు, ప్రసంగాలు, ఫొటో ప్రదర్శనలు. మనం మాత్రం మెరీనా ఎదురుగా ఆంగ్లేయ వాస్తుశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిజమ్ కట్టించిన ఎర్ర భవనాల దగ్గరికి వెళదాం. పటానికి దండ వేసి ఉపన్యాసం వినడం కంటే ఆయన కమాను కింద నిలబడి ఇటుకలు లెక్కపెట్టడం మేలని నా అభిప్రాయం.

1864లో ప్రెసిడెన్సీ కాలేజీకి నమూనాలు గీసి పంపమని ప్రభుత్వం పోటీ పెట్టింది. బహుమతి 3,000 రూపాయలు. బెంగాల్లో కొలువు చేస్తున్న చిజమ్ గెలిచి మద్రాసు వచ్చాడు. కాలేజీ భవనం 1870లో తెరిచారు. 1874–79 మధ్య మద్రాసు యూనివర్సిటీవారి సెనేట్ హౌస్ లేచింది. కాలేజీ నెత్తిన ఉన్న గడియారపు గుమ్మటాన్ని చూపించి అదీ చిజమ్‌దే అంటారు. నమ్మకండి, అది 1840లో మొదలైన కాలేజీకి నూరేళ్లు నిండినప్పుడు, 1940లో పెట్టింది.

ఉదయం 6:30కే సెనేట్ హౌస్ దగ్గర ఉండాలి. ఈ భవనాలన్నీ తూర్పుముఖం, సముద్రం వైపు. పొద్దుటి ఎండ గోడ మీద పడితే ఇటుక వరసలు విడివిడిగా కనిపిస్తాయి. సాయంత్రం సూర్యుడు వెనక్కి పోతాడు, ఫొటోలో గోపురాలు నల్లగా వస్తాయి. పైగా ఆగస్టు సాయంత్రాలు వాన భయం. అక్కడి నుంచి దక్షిణంగా చెపాక్ నవాబు మహలు, పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) భవనం, ఆఖర్న కాలేజీ. నడక దాదాపు కిలోమీటరే, కానీ ఆగి చూస్తే రెండు గంటలు పడుతుంది. 20 మంది పిల్లలకు నలుగురు పెద్దలుండాలి. పిల్లలు అంతకు మించితే బస్సుల రొద, సముద్రపు గాలి కలిసి వెనకవాళ్లకు ఒక్క ముక్క వినపడదు. లోపలికి వెళ్లాలంటే తేదీ, వేళ, ఎంతమందో రాసి మూడు వారాల ముందే అక్కడి అధికారులకు ఉత్తరం ఇవ్వండి. చాలా నడకలు గేటు దగ్గరే ఆగిపోయేది ఆ ఉత్తరం ఇవ్వకనే.

బొమ్మ వేసేవాళ్లు అట్ట, 4బి పెన్సిలు తెచ్చుకోండి. గోపురంతో మొదలుపెడితే కింద కాగితం చాలదు. ముందు నేల గీత, తర్వాత ఒక్క కమాను. అది వేస్తే చాలు. కమాను కట్టేటప్పుడు కింద చెక్క చట్రం పెట్టి రెండు పక్కల నుంచీ ఇటుకలు పేర్చుకుంటూ వస్తారు. నడినెత్తి ఇటుక పడ్డాకే చట్రం తీస్తారు. అక్కడి నుంచి ప్రతి ఇటుకా పక్కదాన్ని నెడుతూ బరువును స్తంభాలకు దించుతుంది. నెత్తిన ఒకటి పడాలి కనుక లెక్క సాధారణంగా బేసి వస్తుంది. సరి వస్తే మళ్లీ లెక్కపెట్టండి.

ఇటుకల మధ్య ఉన్నది గానుగ సున్నం. గోడలో చేరిన చెమ్మ దాని గుండానే బయటికి పోతుంది. మరమ్మతు పేరుతో అక్కడ సిమెంటు కూరితే చెమ్మకు దారి ఉండదు, ఇటుకలోంచే పోవాలి. ఇటుక పొరలుగా రాలేది అందుకే. అలా రాలినచోట రంగు లేతగా, గరుకుగా ఉంటుంది, వెతకండి. గోడలో రావిమొక్క కనిపిస్తే మాత్రం పీకొద్దు. వేరుతో పాటు ఇటుకా ఊడి వస్తుంది.

తిరుగు రైలు సెంట్రల్ నుంచే కదా, పక్కనే విక్టోరియా పబ్లిక్ హాలు చూసి వెళ్లండి. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. చిజమ్ గీసిన దాన్ని ఇటుక మీద ఇటుక పెట్టి నిలబెట్టిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఈ హాలు బొమ్మ వేస్తే, కింద చిజమ్ పేరు పక్కన ఆయన పేరూ రాయండి.

టోపీ, లీటరు నీళ్లు మరవొద్దు.

మీ
తాతయ్య