అమ్మకు థెరపీ అనగానే నేరం మోపినట్టు ఎందుకుంటుంది?

పుట్టే బిడ్డకి ఆటిజం ముప్పు పెరుగుతుందంటూ, గర్భిణులు టైలినాల్ వేసుకోవద్దు, జ్వరం మరీ ఎక్కువైతే తప్ప ఓర్చుకోండి అని 2025 సెప్టెంబర్ 22న ట్రంప్ అన్నాడు. టైలినాల్ అంటే మన పారాసెటమాలే. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల రికార్డులు తీసి, తోబుట్టువులతో పోల్చి చూస్తే ఆటిజంతో దానికి సంబంధం కనిపించలేదని 2024లోనే తేలింది. అయినా ఆటిజం పిల్లల తల్లులు మళ్లీ తమ తొమ్మిది నెలలూ తవ్వుకోవడం మొదలుపెట్టారు.

1943లో ఆటిజం గురించి రాసిన అమెరికా డాక్టర్ కానర్ సంగతులు వదిలేస్తున్నా. తల్లిని నిందించే ఈ కథలో నా లెక్కలో అసలు మలుపు అరవైల చివర్లో వచ్చింది. అప్పటిదాకా అమెరికాలో తల్లికి థెరపీ లేదని కాదు, ఉంది, కానీ ఆమె బాధ తగ్గాలని కాదు, బిడ్డ రోగానికి మూలం ఆమే అనుకుని చేసేవాళ్లు. ప్రేమ లేని తల్లి వల్లే ఇదంతా అని షికాగోలో మానసిక సమస్యలున్న పిల్లల బడి నడిపిన బెటెల్‌హైమ్ 1967లో కూడా పుస్తకం రాశాడు. అప్పటికి మూడేళ్ల ముందే, సొంత కొడుక్కి ఆటిజం ఉన్న సైకాలజిస్టు రిమ్లాండ్ ఆ వాదన డొల్ల అని చూపించాడు. 1969లో కానరే తల్లిదండ్రుల సభలో మీరు నిర్దోషులని ప్రకటించాడు (అనుమానానికి బీజం వేసిందీ ఆయన రాతలే, అది వేరే సంగతి). నార్త్ కరోలినాలో షాప్లర్ అనే సైకాలజిస్టు తల్లిదండ్రుల్ని కో-థెరపిస్టులుగా, అంటే పిల్లల థెరపీలో తామూ పనిచేసేవాళ్లుగా చేర్చుకున్నాడు. మంచి పనే. కాకపోతే నిన్నటిదాకా ముద్దాయిగా నిలబడ్డ అమ్మ ఒక్కసారిగా జీతం లేని ఉద్యోగి అయింది, ఆమె డిప్రెషన్ గురించి అడగాల్సిన మనిషి మాత్రం ఎక్కడా లేకుండా పోయాడు.

అడిగితే ఏం తేలుతుందో 2014లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ల ట్రయల్‌లో బయటపడింది. ఆటిజం, ఇతర వైకల్యాలున్న పిల్లల తల్లులు 243 మంది. 48 శాతం మందికి డిప్రెషన్, 41 శాతం మందికి యాంగ్జైటీ. వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు, ఒక గుంపుకి శ్వాస మీద ధ్యాస పెట్టడం, ఇంకో గుంపుకి అపరాధ భావాన్ని ఎలా దించుకోవాలో నేర్పారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న సాటి తల్లులు. రెండు గుంపుల్లోనూ దిగులు, టెన్షన్ తగ్గాయి, నిద్ర మెరుగుపడింది.

ముందు పిల్లాడి స్పీచ్ థెరపీకి డబ్బులు చూడాలిగా అంటారు ఇంట్లోవాళ్లు, అదీ నిజమే. అమ్మకి థెరపీ అంటే పాత నింద మళ్లీ తెచ్చినట్టే అని జంకేవాళ్లూ ఉన్నారు.

ఈమధ్య ఒక థెరపీ సెంటర్‌లో పిల్లాడు లోపల ఉన్న ముప్పావుగంటలో బయట కూర్చుని ఒకామె ఫారం నింపుతోంది. గర్భంతో ఉన్నప్పుడు వాడిన మందులకి నాలుగు గీతలు ఇచ్చారు. రాత్రి ఆమె ఎన్ని గంటలు పడుకుంటుందో రాయడానికి గడే లేదు.