సీసం వేరు, ఫ్రియాన్ వేరు

పెట్రోలులో సీసం కలపడం, ఫ్రిజ్‌లను చల్లబరిచే ఫ్రియాన్ వాయువు తేవడం, రెండూ అమెరికా ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ పనులే. రెంటినీ ఒకేలాంటి తప్పుగా లెక్కకడుతుంటారు, నా దృష్టిలో అవి వేరు. ముందు సీసం సంగతి. భూమి వయసు తేల్చడానికి కూర్చున్న అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్‌కు సీసం పెద్ద తలనొప్పైంది. రాళ్లలో యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది కాబట్టి, ఆ సీసాన్ని కచ్చితంగా కొలిస్తే వయసు తెలుస్తుంది. కానీ ఎన్నిసార్లు కొలిచినా సీసం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ వచ్చేది. గాలిలో, దుమ్ములో, గాజుసామానులో, మనుషుల చర్మం మీద, ఎక్కడ చూసినా అదే. చివరికి అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో బయటి దుమ్ము చొరబడని ల్యాబ్ కట్టించుకున్నాడు. ఉల్కల్లోని సీసం ఆధారంగా భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రకటించాడు. ఆ అంకె ఇప్పటికీ దాదాపు అలాగే నిలిచి ఉంది.

అక్కడితో ఆగిపోయినా ఆయనకు చాలినంత పేరు ఉండేది. ఆయన మాత్రం ఇంత సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతకసాగాడు. సముద్రం అడుగు నీళ్లలో కన్నా పైనీళ్లలో సీసం ఎక్కువగా ఉంది. గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో పాతవాటి కన్నా కొత్తవాటిలో ఎన్నో రెట్లు ఉంది. అంటే ఈమధ్యే గాలిలోంచి పడిందన్నమాట. ప్రధాన కారణం పెట్రోలు.

పెట్రోలులో సీసం కలపడం థామస్ మిడ్జ్‌లీతో మొదలైంది. సిలిండర్‌లో ఇంధనం క్రమంగా మండకుండా కొంత భాగం ఒక్కసారిగా పేలితే ఇంజను టకటకా కొట్టుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. జనరల్ మోటార్స్‌లో ఏళ్ల తరబడి ఏవేవో కలిపి చూశాక, టెట్రాఇథైల్ లెడ్ కాస్త కలిపితే చాలని 1921లో ఆయన కనిపెట్టాడు. అయితే మండాక మిగిలే సీసం ఇంజనులోనే పేరుకుని దాన్ని పాడుచేసేది. అందుకని బ్రోమిన్ ఉన్న మరో రసాయనం కూడా కలిపారు. దానితో సీసం ఆవిరై పొగగొట్టంలోంచి వెళ్లిపోయేది. ఇంజను బాగుపడింది, సీసం జనం పీల్చే గాలిలో కలిసింది.

సీసం విషమని అప్పటికే తెలుసు. మిడ్జ్‌లీ కూడా 1923లో దానివల్లే జబ్బుపడ్డాడు. మరుసటి ఏడాది ఆ రసాయనం తయారుచేసే కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా ఆయన విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, ఆవిరి పీల్చి, భయం లేదన్నాడు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని తెలిసిన మనిషి ఇలా చేశాడన్నది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఆయన రెండో ఆవిష్కరణ ఫ్రియాన్‌ను కూడా ఇదే గాటన కట్టేస్తుంటారు. అది న్యాయం కాదు. అప్పటి ఫ్రిజ్‌లలో వాడే సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటివి లీకైతే ప్రాణాలకే ముప్పు. వాటి బదులు మండని, విషం కాని వాయువును 1928లో ఆయన బృందం తయారుచేసింది. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో దాన్ని పీల్చి, ఊది, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. ఈసారి ఆయన చూపించింది నిజమే.

ఫ్రియాన్ దేనితోనూ తేలిగ్గా కలవదు, వానకు కరగదు. ఇంట్లో అది వరం. కానీ అలా చెదరకుండా ఉండబట్టే వాతావరణంలో బాగా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ పొర దాకా చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాల దెబ్బకు విరిగి క్లోరిన్ విడుదలవుతుంది. అక్కడే ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్ ఉంటుంది. ఒక క్లోరిన్ పరమాణువు ఓజోన్ అణువును విడగొట్టి, మళ్లీ విడివడి ఇంకోదాని మీద పడుతుంది. ఇలా వేలకు వేలు. ఫ్రియాన్ లాంటి వాయువులు చివరికి ఏమవుతున్నాయని రసాయన శాస్త్రవేత్తలు మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ లెక్కకట్టి చెప్పింది 1974లో. మిడ్జ్‌లీ చనిపోయి అప్పటికి ముప్పై ఏళ్లు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని తేలింది. ఆ వాయువుల వాడకం తగ్గించాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

సీసం కథ ముగియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. కార్లకు సీసం పెట్రోలు అమ్మకం అన్నిచోట్లా ఆగింది 2021లో, అల్జీరియా ఆపేశాక. ఫ్రియాన్ బదులు వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లలో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. కానీ వాటిలో చాలావరకు కార్బన్ డయాక్సైడ్ కన్నా వందల, వేల రెట్లు వేడిని పట్టి ఉంచుతాయి. వాటిని కూడా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు వాటికీ ప్రత్యామ్నాయాలు వెతుకుతున్నారు.