ఇసకవాగు బురదలో దాగిన మొండి జన్యువులు

యూరిన్ కల్చర్ రిపోర్టులో యాంటీబయాటిక్‌ల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కోదాని ఎదురుగా 'ఎస్' అనో 'ఆర్' అనో ఒక అక్షరం. 'ఎస్' ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది, 'ఆర్' ఉంటే లొంగదు. పోయినేడాది మా అమ్మ రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా 'ఆర్' ఉంది. విరేచనాలైనా, మూత్రంలో మంటైనా మా ఇంట్లో ఏళ్ల తరబడి చీటీ లేకుండా నాలుగు మాత్రలు కత్తిరించి తెచ్చుకున్న మందు అదే. డాక్టర్ ఇంజెక్షన్లకు మార్చారు, అమ్మ కోలుకుంది. ఆ 'ఆర్' ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. వెతుకుతూ పోతే దాని చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం మా ఇంటికి గంట దూరంలోనే, హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు వైపు, కనిపించింది.

క్రిములు మందును తట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. పెన్సిలిన్‌ను రోగులకు ఇవ్వడం 1941లో మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1940లో, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒక బ్యాక్టీరియాలో ఉందని ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ కనిపెట్టారు. అమెరికాలో లెడర్‌బర్గ్ దంపతులు 1952లో చేసిన ప్రయోగం ఇంకో ముఖ్యమైన విషయం తేల్చింది. మందు క్రిమికి మొండితనం నేర్పదు. కోట్ల క్రిముల్లో ముందే ఉన్న ఒకటీ అరా మొండివాటిని వదిలేసి మిగతావాటిని చంపుతుంది. బతికిన ఆ మొండివే ఖాళీ అయిన చోటంతా నిండిపోతాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. 1950లలో జపాన్‌లో రక్త విరేచనాల క్రిమి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగకుండా పోయింది. ఈ టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు అక్కడ దాన్ని కనుగొన్నారు, 1948లో లోకానికి ప్రకటించారు. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే. పదేళ్లు తిరిగేసరికే దాన్ని తట్టుకునే క్రిములు వచ్చాయంటే మనసు చివుక్కుమంటుంది. ఆ మొండితనం ఒక క్రిమి నుంచి వేరే జాతి క్రిమికి కూడా పాకుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1959లో చూపించారు. దాన్ని మోసేది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట. పక్కింటికి చేబదులిచ్చినంత తేలిగ్గా బ్యాక్టీరియా దాన్ని చేతులు మార్చుకుంటాయి.

సిప్రోఫ్లాక్సాసిన్, అంటే సిప్రో, విషయంలో శాస్త్రవేత్తలు కొంత ధీమాగా ఉండేవారు. అది ప్రకృతిలో లేని, మనిషి తయారుచేసిన మందు కాబట్టి దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద దొరకదనుకున్నారు. 1998లో అదీ దొరికింది. దానికి క్యూఎన్ఆర్ అని పేరు పెట్టారు. సిప్రో దెబ్బతీయాల్సిన ఎంజైమ్‌కు ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ అడ్డు నిలబడుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. మందు తయారీ తెలిసిన ఒక తరమంతా అక్కడ తయారైంది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో విదేశీ మందులను వేరే పద్ధతిలో, చవగ్గా చేసే దారి తెరుచుకుంది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, కాజీపల్లి చుట్టూ బల్క్ డ్రగ్ కంపెనీలు, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందును టోకుగా తయారుచేసేవి, వరుసకట్టాయి. పేదవాడికి కూడా మందు అందిందంటే ఇలాంటి ఊళ్ల చలవే. ఆ గర్వం నాకూ ఉంది. కానీ చెరువులు రంగు మారాయని, బోరు నీళ్లు పనికిరావడం లేదని ఆ ఊళ్ల రైతులు 1980ల నుంచే మొత్తుకుంటున్నారు. ఆ నీళ్లలో ఏముందో లెక్క తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఆ లెక్క బయటపెట్టింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను వాళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రో అలా పోతోందని అంచనా వేశారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత! శుద్ధి చేశాక ఉన్న లెక్క అది. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేవి.

తర్వాత పరిశోధకులు మందును కొలవడంతో ఆగకుండా బురదలోని జన్యువుల్ని కూడా చదివారు. ఇసకవాగు బురదలో క్యూఎన్ఆర్ జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్‌లు గుట్టలుగా కనిపించాయని 2011లో రాశారు. శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూస్తే వాటిలో 86 శాతం ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్‌లకు లొంగలేదని 2013లో తేలింది. మురుగును శుద్ధి చేసే ట్యాంకులో పనిచేసేది బ్యాక్టీరియానే. ఆ ట్యాంకులోకి యాంటీబయాటిక్ పోస్తే మొండివే బతుకుతాయి, పక్కపక్కనే ఉంటూ జన్యువులు పంచుకుంటాయి. మరుసటి ఏడాది కాజీపల్లి చెరువును ఒక స్వీడన్ చెరువుతో పోల్చారు. నిరోధక జన్యువులు ఇక్కడ సుమారు 7,000 రెట్లు ఎక్కువ.

మా అమ్మ ఒంట్లోని క్రిమి ఆ వాగులోదే అని నేను అనడం లేదు. చీటీ లేని మాత్రలు, సగంలో ఆపిన కోర్సులు కూడా అదే పని చేస్తాయి. 2014 మార్చి నుంచి చాలా యాంటీబయాటిక్‌లు హెచ్1 షెడ్యూల్ కింద ఉన్నాయి. షాపువాళ్లు చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసి అమ్మాలి. మేం నేర్చుకోవాల్సింది మేం నేర్చుకున్నాం. కంపెనీ కాలువ సంగతి మన చేతిలో లేదు.

ఇదే హైదరాబాద్‌లో, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో, మంజులా రెడ్డి బృందం బ్యాక్టీరియా గోడ మీద పనిచేస్తోంది. పెన్సిలిన్ దెబ్బతీసేది ఆ గోడ కట్టే పనినే. క్రిమి పెరగాలంటే పాత గోడలో కొన్ని బంధాలు తెంపి కొత్త ఇటుకలు పెట్టుకోవాలి. ఆ తెంపే ఎంజైమ్‌లను ఆమె బృందం 2012లో గుర్తించింది. అవి పనిచేయకపోతే ఈ.కోలై అనే బ్యాక్టీరియా బతకదు. కొత్త మందులకు గురిపెట్టే చోటు అక్కడ దొరకొచ్చు. ఈ కృషికి 2019లో ఆమెకు ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది.

కొత్త మందు వచ్చినా దాన్ని కూడా ఎక్కడో ఒకచోట టన్నుల్లో తయారుచేయాల్సిందే. నీళ్లలో సిప్రో లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటితే మొండి క్రిములకు మేలు జరగొచ్చని లార్సన్, ఆయన తోటి పరిశోధకుడు బెంట్సన్-పాల్మె 2016లో లెక్కగట్టారు. పటాన్‌చెరులో దొరికింది 31,000 మైక్రోగ్రాములు. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో మందుల కంపెనీల వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో పట్టిక ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు.