మోచెయ్యి చూసి కట్టిన వెల: కుమార్ రాకర్ కథకు ముందు జరిగింది

2021 ఆగస్టు 1, సాయంత్రం ఐదు గంటలు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికైన కుర్రాళ్లతో జట్లు సంతకాలు పెట్టించుకోవడానికి అదే ఆఖరి గడువు. మొదటి రౌండ్‌లో పదో స్థానంలో న్యూయార్క్ మెట్స్ ఎంచుకున్న పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) కుమార్ రాకర్ సంతకం లేకుండానే ఆ గడువు దాటిపోయింది. మూడు వారాల ముందు 60 లక్షల డాలర్ల బోనస్‌కు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. తర్వాత వైద్య పరీక్షలు జరిగాయి. అతని చెయ్యి గురించి జట్టు డాక్టర్లకు అనుమానం వచ్చింది. అంతే, మెట్స్ అసలు ఆఫరే ఇవ్వలేదు. తక్కువ డబ్బు ఇస్తామని కూడా అనలేదు.

అప్పటికి రాకర్‌కు 21 ఏళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. తల్లి లలిత భారతీయ మూలాలున్న అమెరికన్. కుమార్ అనే పేరు ఆమె వైపు నుంచి వచ్చిందే. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే, 2019 జూన్ 8న, డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ (కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 19 స్ట్రయికౌట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక ఔటవడం) చేశాడు. అదే నెలలో కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2021లో 122 ఇన్నింగ్స్‌లో (ఇక్కడ ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్) 179 స్ట్రయికౌట్లు. ఇంత చేసినవాడిని ఎంచుకున్న జట్టే వద్దంటే, దాన్ని చాలామంది దురదృష్టం కింద జమకట్టారు. నేను అలా అనుకోను. అలా వద్దనడానికి వీలిచ్చే నియమాలు ముందే ఉన్నాయి, వాటికి చాలా ఏళ్ల చరిత్ర ఉంది.

ఐపీఎల్ వేలం చూసే మనకు ఇక్కడ ఒక సంగతి ముందు తెలియాలి. వేలంలో ఒక ఆటగాడి కోసం పది జట్లు పోటీ పడొచ్చు, ధర పెరుగుతూ పోతుంది. డ్రాఫ్ట్‌లో జట్లు వరుసగా ఒక్కో కుర్రాడిని ఎంచుకుంటాయి. ఒక జట్టు ఎంచుకున్నాక అతను ఆ జట్టుతో మాత్రమే బేరం ఆడాలి, మిగతా 29 జట్లూ అతని జోలికి రాకూడదు. ఈ పద్ధతి 1965లో మొదలైంది. దానికి ముందు ఏడాది రిక్ రైకార్ట్ అనే కాలేజీ కుర్రాడి కోసం జట్లు ఎగబడితే, చివరికి ఏంజెల్స్ జట్టు 2 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకుంది. ఓనర్లు కంగారు పడ్డారు. కొత్తవాళ్ల ధర అదుపులో పెట్టాలన్నది డ్రాఫ్ట్ తేవడానికి పెద్ద కారణం. 2012 నుంచి ఒక్కో స్థానానికి ఇంత అని స్లాట్ విలువ కూడా కట్టి, జట్టు మొత్తం ఖర్చుకు పరిమితి పెట్టారు.

ఇక మోచేతి సంగతి. క్రికెట్‌లో బంతి వేసేటప్పుడు చెయ్యి 15 డిగ్రీలకు మించి సాగకూడదు. అందుకే మన ఫాస్ట్ బౌలర్లకు ఎక్కువగా నడుము, మోకాళ్లు, చీలమండలు దెబ్బతింటాయి. పిచర్‌కు ఆ నిబంధన లేదు. మోచెయ్యి బాగా వంచి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. బ్యాటర్ ఉండేది 18.4 మీటర్ల దూరంలో. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి అర సెకను లోపే అక్కడికి చేరుతుంది. ఆ విసురులో మోచేతి లోపలి వైపు రెండు ఎముకలను కలిపి పట్టుకునే అల్నార్ కొలాటరల్ లిగమెంట్ మీద పడే ఒత్తిడి, అది తట్టుకోగలిగిన హద్దుకు దగ్గరగా ఉంటుందని ప్రయోగశాలల్లో కొలిచి చెప్పారు. చుట్టూ ఉన్న కండరాలు కొంత భారం మోయబట్టి సరిపోతోంది. ఇదే పని మ్యాచ్‌కు దాదాపు వంద సార్లు, ఏళ్ల తరబడి.

1974 వరకు ఆ లిగమెంట్ తెగితే పిచర్ బతుకు ముగిసినట్టే. ఆ ఏడాది జులై 17న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఎడమచేతి పిచర్ టామీ జాన్‌కు మాంట్రియల్‌తో మ్యాచ్‌లో అది తెగింది. అప్పటికి ఆ సీజన్‌లో అతని పేరిట 13 గెలుపులు, 3 ఓటములు (బేస్‌బాల్‌లో మ్యాచ్ ఫలితాన్ని పిచర్ ఖాతాలో కూడా రాస్తారు). జట్టు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ సెప్టెంబర్ 25న ఆపరేషన్ చేశారు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టును కొంచెం లోపలికి వంచితే మధ్యలో ఒక సన్నటి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) పైకి తేలుతుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా పనులేమీ ఆగవు. జోబ్ టామీ జాన్ కుడి చేతిలోంచి దాన్ని తీశారు. ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, వాటిలోంచి ఆ టెండన్‌ను దూర్చి, తెగిన లిగమెంట్ స్థానంలో కట్టారు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకటని ముందే చెప్పారు. తర్వాత నరం సమస్య వస్తే డిసెంబర్‌లో ఇంకో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 1975 మొత్తం ఆటకు దూరం. 1976లో తిరిగొచ్చిన టామీ జాన్ 46 ఏళ్ల వయసు వరకు, 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆ ఆపరేషన్ తర్వాతవే.

ఈ విజయం వేల మంది చేతులను నిలబెట్టింది. శాండీ కోఫాక్స్ అంతటి పిచర్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి కూడా మోచేతి బాధ భరించలేక 30 ఏళ్లకే ఆట వదిలేశాడంటే, వైద్యం లేని కాలం ఎలా ఉండేదో తెలుస్తుంది. కానీ టామీ జాన్ తర్వాత ఇంకో మార్పు కూడా వచ్చింది. చెయ్యి బాగుచేయవచ్చని తెలిశాక, జట్లు దాన్ని ముందే తెరిచి చూడాలనుకున్నాయి. ఎమ్మారై స్కానింగ్ వచ్చాక ఆ పని సులువైంది. బంతి ఎలా వేస్తున్నాడన్నదానికి తోడు, లోపల ఏముందన్నది కూడా ధరలోకి వచ్చి చేరింది.

దీనికి అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన మనిషి ఆర్. ఎ. డికీ. 1996లో టెక్సాస్ రేంజర్స్ అతన్ని మొదటి రౌండ్‌లో, 18వ స్థానంలో ఎంచుకుంది. 8 లక్షల 10 వేల డాలర్లకు మాట కుదిరింది. ఆ వేసవిలో ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా జట్టు పిచర్ల ఫోటో ఒకటి బేస్‌బాల్ అమెరికా పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. కుర్రాళ్లందరూ మామూలుగా నిలబడ్డారు. డికీ కుడి చెయ్యి మాత్రం పక్కన కాస్త వంగి, వింతగా వేలాడుతోంది. రేంజర్స్ వైద్య సిబ్బంది కంట్లో అది పడింది. పిలిచి పరీక్షలు చేయిస్తే, ఆ మోచేతిలో లిగమెంట్ అసలు లేదని తేలింది. తెగిపోవడం కాదు, లేనే లేదు. జట్టు ముందు ఆఫర్ వెనక్కి తీసుకుంది, తర్వాత 75 వేల డాలర్లు ఇస్తామంది. చేతిలో వేరే దారి లేని డికీ సంతకం పెట్టాడు.

కాస్త ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే. లిగమెంట్ లేకుండానే అతను కాలేజీలో అన్నాళ్లూ పిచింగ్ చేశాడు, ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించాడు, మొదటి రౌండ్‌లో ఎంపికయ్యాడు. స్కానింగ్‌కు ముందు రోజుకీ తర్వాత రోజుకీ అతని ఆటలో తేడా ఏమీ లేదు, ధరే మారింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మేజర్ లీగ్‌కూ, దాని కింది స్థాయి మైనర్ లీగులకూ మధ్య నలిగాడు. వేగం తగ్గాక, బంతి తిరగకుండా గాలిలో ఊగుతూ వెళ్లే నకుల్‌బాల్ నేర్చుకున్నాడు. 2012లో న్యూయార్క్ మెట్స్ తరఫున 20 మ్యాచ్‌లు గెలిచి, లీగ్‌లో ఆ ఏటి మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. నకుల్‌బాల్‌తో ఆ అవార్డు గెలిచిన మొదటివాడు అతనే.

డాక్టర్ల అనుమానం ప్రతిసారీ తప్పు అని కూడా అనలేం. 2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి స్థానంలో బ్రేడీ ఏకెన్ అనే హైస్కూల్ కుర్రాడిని ఎంచుకుంది. 65 లక్షల డాలర్లకు మాట అయింది. పరీక్షలో లిగమెంట్ మామూలు కంటే చిన్నదిగా కనిపించిందని ఆఫర్‌ను 31 లక్షలకు దించారు, గడువు చివర్లో 50 లక్షల దాకా పెంచారు. కుర్రాడు ఒప్పుకోలేదు. 2015 మార్చిలో అతని లిగమెంట్ నిజంగానే తెగింది, టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఆ జూన్‌లో క్లీవ్‌లాండ్ 17వ స్థానంలో తీసుకుంది గానీ, అతను మేజర్ లీగ్ దాకా రానే లేదు.

కాబట్టి డాక్టర్లు చూసింది నిజమే. ఆ నిజం వల్ల ఎవరికి ఎంత పోయిందన్నది నా ప్రశ్న. ఎంపికైన ఆటగాడితో ఒప్పందం కుదరకపోతే జట్టుకు మరుసటి ఏడాది దాదాపు అదే స్థానం మళ్లీ దక్కుతుంది. దీన్ని కాంపెన్సేషన్ పిక్ అంటారు. అప్పట్లో అందుకు స్లాట్ విలువలో కనీసం 40 శాతం ఆఫర్ చేసి ఉండాల్సి వచ్చేది. ఏకెన్‌కు చూపించిన 31 లక్షలు ఆ లెక్క ప్రకారం వచ్చినవే. అలా దక్కిన స్థానంతో 2015లో ఆస్ట్రోస్ అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తెచ్చుకుంది. 2017, 2022 వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ ఫైనల్స్) గెలిచిన జట్లలో అతను ముఖ్యుడు. అదే 2014లో ఏకెన్ ఒప్పందం పోవడంతో జట్టు ఖర్చు పరిమితి కూడా తగ్గింది. దాంతో 15 లక్షలకు మాట ఇచ్చిన మరో కుర్రాడు జేకబ్ నిక్స్‌తో కూడా సంతకం చేయలేదు. అతని చేతికి ఏ జబ్బూ లేదు. పక్కవాడి మోచెయ్యి అతని ఒప్పందాన్ని కూడా ముంచింది.

ఆ గొడవ తర్వాత డ్రాఫ్ట్‌కు ముందే ఎమ్మారై ఇచ్చే పద్ధతి వచ్చింది. ముందుగా స్కానింగ్ ఇచ్చిన పిచర్‌కు తర్వాత జట్టు కనీసం 40 శాతం ఆఫర్ చేయాల్సి వచ్చేది, లేకపోతే అతను ఎవరితోనైనా మాట్లాడుకునే వీలుండేది. ఇవ్వనివాడికి ఆ రక్షణ లేదు, అతనికి ఆఫర్ ఇవ్వకపోయినా జట్టుకు కాంపెన్సేషన్ పిక్ దక్కేది. రాకర్ ఇవ్వలేదు. అందుకే 2021లో మెట్స్ ఒక్క డాలర్ కూడా చూపించకుండానే వదిలేయగలిగింది, 2022కు 11వ స్థానం కూడా సంపాదించుకుంది. ఆ రోజే జట్టు ఓనర్ స్టీవ్ కోహెన్, డ్రాఫ్ట్ ఎంపికలు జట్లకు స్లాట్ విలువకు ఐదింతల దాకా విలువ చేస్తాయని ట్విట్టర్‌లో రాశారు. వద్దన్న కుర్రాడు వినేలా ఆ మాట రాయడం నాకు ఇప్పటికీ సబబుగా అనిపించదు.

రాకర్ ఆ సెప్టెంబర్‌లో భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న లీగ్ జట్టుకు ఐదు మ్యాచ్‌లు ఆడి, 20 ఇన్నింగ్స్‌లో 32 స్ట్రయికౌట్లు చేశాడు. జులైలో టెక్సాస్ రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో పిలిచింది, ఎవరూ ఊహించలేదు. డికీ ధర కోసేసిన జట్టూ అదే. ఈసారి అక్కడ జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్, ఒకప్పటి పిచర్. భుజం ఆపరేషన్ అయ్యాక కూడా మేజర్ లీగ్‌లో ఆడినవాడు. స్లాట్ కంటే బాగా తక్కువకు, 52 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది. వాండర్‌బిల్ట్‌లో పక్కనే పిచింగ్ చేసిన జాక్ లైటర్‌ను రేంజర్స్ అంతకు ముందు ఏడాదే తీసుకుంది కాబట్టి స్నేహితులిద్దరూ మళ్లీ కలిశారు.

2023 మేలో రాకర్‌కు మోచేతి లిగమెంట్ పోయింది, టామీ జాన్ ఆపరేషన్ అయింది. మెట్స్ డాక్టర్లు సరిగ్గానే చూశారని అప్పుడు చాలామంది అన్నారు. అయితే పిచర్లకు ఈ ఆపరేషన్ మామూలైపోయిన కాలం ఇది. మేజర్ లీగ్ 2024 చివర్లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు, 2024లో 94.2. మేజర్, మైనర్ లీగులు కలిపి ఈ ఆపరేషన్లు 2010లో 104 జరిగితే 2024లో 281. వేగం ఉంటేనే పైకి తీసుకుంటారు, ఆ వేగమే చేతిని తింటోంది. ఇలాంటప్పుడు ఒక కుర్రాడి మోచేతిలో మచ్చ కనిపించిందని అతన్ని ఏడాది పాటు ఖాళీగా కూర్చోబెట్టడం ఏం న్యాయం?

2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో రాకర్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. నాలుగు ఇన్నింగ్స్, ఒకే ఒక్క పరుగు, ఏడు స్ట్రయికౌట్లు. డ్యూక్‌ను ముంచిన ఆ స్లైడర్ (చివర్లో పక్కకు జారే బంతి) అలాగే ఉంది. 2025లో భుజం మళ్లీ ఇబ్బంది పెట్టింది. కెరీర్ ఎటు పోతుందో ఇంకా తేలలేదు.

నియమాలు మాత్రం కొంత కదిలాయి. ఆటగాళ్ల సంఘానికీ లీగ్‌కూ మధ్య 2022లో కుదిరిన ఒప్పందంతో, ముందుగా వైద్య పరీక్షలకు ఒప్పుకున్న ఆటగాళ్లకు స్లాట్‌లో కనీసం 75 శాతం హామీ వచ్చింది. పరీక్షలకు రానివాళ్లు, ఆ పరీక్షలకు పిలిచే ఆటగాళ్ల జాబితాలో లేనివాళ్లు ఇప్పటికీ 2021లో రాకర్ నిలబడ్డ చోటే ఉన్నారు. వాళ్లను వద్దన్న జట్టుకు కాంపెన్సేషన్ పిక్ అలాగే దక్కుతోంది. ఆ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. జీతాల పరిమితి మీదే అందరి దృష్టీ ఉన్నా, ఈ చిన్న సంగతి కూడా బల్ల మీదికి రావాలి: వైద్య కారణంతో ఆటగాడిని వదిలేసిన జట్టుకు మరో పిక్ ఇస్తున్నప్పుడు, ఆ ఆటగాడికి మిగతా 29 జట్లతో ఆ రోజు నుంచే మాట్లాడుకునే హక్కు కూడా ఇవ్వాలి.