పంచాయతీ గాదెలో వండుకునే గింజలెన్ని?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "గ్రామసభలో పంచాయతీ ఖాతాలో ఎనిమిది లక్షలున్నాయని చదివారు. మా వీధి లైటు మార్చమంటే డబ్బుల్లేవన్నారు. ఇందులో ఏది అబద్ధం తాతయ్యా?" అని అడిగారు. రెండూ నిజమేనర్రా. పైగా ఇది మార్చి నెల, ఇంటి పన్ను నోటీసులు గడపగడపకూ తిరిగే కాలం. అడగాల్సిన వేళకే అడిగారు.

గాదె చూశారా ఎప్పుడైనా? వెదురుతో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తి, లోపల ధాన్యం పోస్తారు. పంట ఇంటికొచ్చాక రైతు ధాన్యమంతా ఒకే కుప్పగా ఉంచడు. విత్తనాలకింత, తిండికింత, పనివాళ్లకిచ్చే వాటాకి, అంటే మేరకింత అని విడివిడిగా పోసుకుంటాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా, విత్తనాల గాదె నిండుగా కళ్లెదుట ఉన్నా, అందులో చెయ్యి పెట్టడు.

పంచాయతీకి విత్తనాల గాదె అంటే కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు. 2021 నుంచి 2026 వరకు వర్తించేలా 15వ ఆర్థిక సంఘం ఒక గీత గీసింది. వచ్చిన వందలో అరవై రూపాయలకు ముందే ముడి వేసింది. ముప్పై తాగునీటికి, వాననీటి నిల్వకు. ఇంకో ముప్పై పారిశుధ్యానికి. ఆఫీసు భాషలో వీటిని టైడ్ నిధులంటారు. మిగిలిన నలభై అన్‌టైడ్, అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అయినా వాటిలోంచి జీతాలివ్వకూడదు, ఆఫీసు ఖర్చులు పెట్టకూడదు. ఇక మీ ఎనిమిది లక్షలూ ఆ నిధులే అనుకుని లెక్కేయండి. 2 లక్షల 40 వేలు నీళ్లకి, 2 లక్షల 40 వేలు పారిశుధ్యానికి పోతే మిగిలేది 3 లక్షల 20 వేలు. అది కూడా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏ సిమెంటు రోడ్డుకో, కాలువకో ముందే రాసేసి ఉంటారు. మధ్యలో ఇంకో పనికి తిప్పాలంటే ప్రణాళికే మార్చాలి. కాబట్టి కార్యదర్శి గారు డబ్బుందన్నప్పుడూ, లేదన్నప్పుడూ ఒక్క ఖాతా చూసే మాట్లాడారు.

ఈ గాదెకు ఇంకో చిక్కుంది. ఊళ్లో ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ ధాన్యం రాదు. లెక్కలు ఆడిట్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టకపోయినా రాదు.

వండుకునే గింజలు వేరే గాదెలో ఉంటాయి. దాని పేరు సాధారణ నిధి. ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత వేలం, ఖాళీ స్థలాల పన్ను, ఊళ్లో ఆస్తులు చేతులు మారితే రిజిస్ట్రేషన్ సుంకంలోంచి వచ్చే వాటా, ఇవన్నీ అందులో పడతాయి. పారిశుధ్య కార్మికుల జీతం, బల్బులు, ట్రాక్టరు డీజిలు, మోటారు రీవైండింగు, రాసుకునే రిజిస్టర్లు అందులోంచే పోవాలి. ఈ గాదె చిన్నది, దీని అడుగున కన్నాలెక్కువ. పెద్ద కన్నం పేరు బకాయి. 500 ఇళ్లున్న ఊళ్లో ఇంటికి 600 చొప్పున డిమాండ్, అంటే రావాల్సిన పన్ను, 3 లక్షలనుకోండి. వసూలైంది 2 లక్షలే అయితే ఆ ఏడాదంతా ఊరు 2 లక్షల మీదే బతకాలి. కట్టని లక్ష మరుసటి ఏడు కొత్త పన్నుతో కలిసి నోటీసులో "పాత బకాయి" కింద కనపడుతుంది. పంచాయతీ ఆఫీసులో డీసీబీ రిజిస్టరు అని ఒకటుంటుంది: డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. ఊరి బాగోగులు తెలుసుకోవాలంటే నేనైతే సర్పంచ్ గారి ఉపన్యాసం కంటే ఆ మూడు గళ్లనే నమ్ముతాను.

మీ ఇంటి నోటీసు ఒకసారి చేత్తో పట్టుకుని చదవండి. డోరు నంబరు, అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు ఉంటాయి. పన్ను వేసేది ఇంటి కొలత, కట్టడం రకం చూసి. పూరిల్లు, పెంకుటిల్లు, డాబా ఒకటి కావు. తప్పులు దొర్లేదీ ఇక్కడే. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినా రిజిస్టరులో పెంకుటిల్లుగానే ఉండిపోతుంది. ఇల్లమ్మేసి పదేళ్లయినా నోటీసు పాతాయన పేరుతోనే వస్తుంది. రెండో అంతస్తు లేచిన సంగతి వీధంతటికీ తెలుసు, రిజిస్టరుకు తప్ప. తక్కువ పన్ను పడిందని సంబరపడే పెద్దలుంటారు, వాళ్లతో వాదం పెట్టుకోకండి. రేపు బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు కాగితంలో ఒక ఇల్లు, నేల మీద ఇంకో ఇల్లు ఉంటే వాళ్లకే తెలిసొస్తుంది. డబ్బు కట్టగానే రశీదు తీసుకోవాలి. "తర్వాత ఇస్తాం" అంటే అక్కడే నిలబడాలి.

నోటీసులో గ్రంథాలయ సెస్సు అని ఒక చిన్న వరస కనపడుతుంది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. 600 పన్నుకు 48 రూపాయలు. మేర గింజల్లాంటిదిది: పంచాయతీ వసూలు చేస్తుందే గానీ తాను తినకూడదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పాలి. చాలా చోట్ల ఆ గింజలు సమయానికి చేరవు. మీ ఊరి లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎందుకు రావట్లేదని అడిగేటప్పుడు ఈ 8 పైసల మాట కూడా కలిపి అడగండి.

మా చిన్నప్పుడు పంచాయతీ కబురంటే టముకు. దీపాలు పెట్టే వేళకి వీధి మొదట్లో డప్పు మోగేది. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అంటూ సంత వేలం ఎప్పుడో, పన్ను కట్టడానికి గడువెప్పుడో అరిచి చెప్పేవాళ్లు. పిల్లలం మాటలు వదిలేసి డప్పు వెంట పడేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో వేస్తున్నారు. పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య గ్రామసభ తేదీ ఎక్కడో కిందికి జారిపోతోంది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, డప్పును ఎవరూ మ్యూట్ చేయలేకపోయేవారు.

ఇంతకీ మీ లైటు సంగతి. మీ వీధిలో ఒకటి వెలగట్లేదన్నారు గానీ, పగలు వెలిగేవి ఎన్నో చూశారా? వీధి దీపాలకు విడిగా ఒక తీగ ఉండాలి, మూడో తీగ అంటారు. అది ఉంటే ఒక్క స్విచ్చుతో సాయంత్రం వేసి, పొద్దున ఆపుతారు. అది లేని చోట బల్బును నేరుగా ఇళ్ల కరెంటు తీగకే తగిలిస్తారు. ఇక దానికి పగలూ రాత్రీ తేడా ఉండదు. 18 వాట్ల ఎల్ఈడీ బల్బు పగటి పన్నెండు గంటలూ వృథాగా వెలిగితే 216 వాట్-అవర్లు. అలాంటివి 200 ఉంటే రోజుకు 43 యూనిట్లు, నెలకు దాదాపు 1,300. ఆ బిల్లు పంచాయతీ నెత్తినే పడుతుంది. పైగా బల్బు ఆయుష్షు సగానికి పడిపోతుంది. విశ్రాంతి లేకుండా వెలిగిన బల్బే ముందు మాడిపోతుంది. మీ వీధి బల్బు అలా పోయిందేమో, స్తంభం దగ్గరికెళ్లి తలెత్తి తీగలు లెక్కపెట్టండి. కింద నిలబడి చూడటమే, స్తంభాన్ని ముట్టుకోవద్దు.

చూశాక ఒక కాగితం మీద స్తంభం నంబరు, వీధి పేరు, ఎప్పటి నుంచి వెలగట్లేదు, పగలు వెలిగేవి ఏవేవి అని రాయండి. రెండు కాపీలు. ఒకటి కార్యదర్శి గారికిచ్చి, రెండో దాని మీద "అందినది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. నోటి మాటగా చెప్పింది ఆఫీసు గుమ్మం దాటదు. ఫోను చేతికి దొరికితే పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటు తెరిచి రాష్ట్రం, జిల్లా, మండలం, మీ పంచాయతీ ఎంచుకోండి. ఏ ఏడాది ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అందరికీ కనపడేలా పెట్టి ఉంటుంది. అందులో సిమెంటు రోడ్డు పూర్తయిందని ఉండి మీ వీధిలో ఇంకా మట్టే ఉంటే, ఆ సంగతి కూడా రాసుకోండి.

మళ్లీ గ్రామసభ పెట్టినప్పుడు మీరూ వెళ్లి కూర్చోండి. ఓటర్లే సభ్యులు కాబట్టి మీ తరఫున అమ్మ గానీ నాన్న గానీ లేచి అడగాలి. అడగాల్సింది ఒక్కటే: సాధారణ నిధిలో వీధి దీపాల కింద ఈ ఏడు ఎంత రాశారు, ఇప్పటికి ఎంత ఖర్చయింది? జవాబు రాగానే కూర్చోనివ్వకండి. అది తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టమనండి. ఖాళీ పేజీ కింద సంతకం అడిగితే పెట్టొద్దని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య