వరంగల్‌కు వరంగల్ జతపడినా తప్పే: టేబుళ్లు కలపడంపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పరిశోధక విద్యార్థులకు గణాంకాల పనిలో సాయం చేస్తుంటాను. "ఎర్రర్ రాలేదు కదా సార్, మెర్జ్ అయిపోయినట్టే కదా?" అన్న మాట విని విని విసుగొచ్చింది. మెర్జ్ అంటే రెండు టేబుళ్లలోనూ ఉన్న ఒక కాలమ్‌ను పట్టుకుని, వాటి వరుసలను జతచేసి ఒకే టేబుల్‌గా కలపడం; ఆ కాలమ్‌ను కీ అంటారు.

అపోహ: ఎర్రర్ రాకపోతే టేబుళ్లు సరిగ్గా కలిసినట్టే.

వాస్తవం: కానే కాదు. సాఫ్ట్‌వేర్ చూసేది రెండు కాలమ్‌లలో అక్షరాలు ఒకటేనా అని మాత్రమే. ఆ పేరున్న జిల్లా ఏదో దానికి అనవసరం. 2011 జనాభా లెక్కల నాటి వరంగల్ జిల్లాలో 35 లక్షల పైచిలుకు జనం. 2016 అక్టోబరులో అది ముక్కలైంది. 2021 ఆగస్టులో ఆ ముక్కల్లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, కొన్ని మండలాలూ అటూ ఇటూ మారాయి. ఇప్పుడు జిల్లా పేరే కీగా పెట్టి 2011 జనాభాకు 2022 డెంగీ కేసులు కలపండి. వరంగల్‌కు వరంగల్ ఠంచనుగా జతపడుతుంది. చిన్న కొత్త జిల్లా కేసులను పెద్ద పాత జిల్లా జనాభాతో భాగించి లక్షకు ఎన్ని కేసులో లెక్కగడితే, దోమలు ఊరొదిలి వెళ్లాయా అనిపిస్తుంది! హన్మకొండకు జతే దొరకదు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మెర్జ్ ఫంక్షన్‌ను ఉన్నదున్నట్టు వాడితే జత దొరకని వరుసలను అది చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ముందు 2011 గ్రామాల లెక్కలను కొత్త జిల్లాల వారీగా కూడుకోవాలి, ఆ తర్వాతే కలపాలి.

అపోహ: వరుసలు పెరిగితే డేటా పెరిగినట్టు.

వాస్తవం: ఒకే కీ విలువ ఒక టేబుల్‌లో 3 సార్లు, రెండోదానిలో 2 సార్లు ఉంటే ఫలితంలో 6 వరుసలు వస్తాయి. ఒకమ్మాయి ఊరి పేరుతోనే సర్వే కలిపింది. మన వైపు వెంకటాపూర్‌లు ఒకటా రెండా! శాంపిల్ పెరిగిందని గైడ్ సంతోషించారట. డేటా అంతా పాడైంది, మళ్లీ ఎక్కించాల్సిందేనని స్నేహితులు చెప్పేసరికి ఏడుపు ముఖంతో వచ్చింది. ఏమీ పాడవదమ్మా, అసలు ఫైళ్లు అలాగే ఉన్నాయి అన్నాను. ఊరి పేరుకు మండలం కోడ్ చేర్చి కూర్చున్నచోటే సరిచేశాం. స్టాటా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో 'ఎం ఎం' మెర్జ్ (రెండు టేబుళ్లలోనూ కీ పదేపదే వచ్చినా కలిపేసే పద్ధతి) పెడితే చాలని కూడా ఎవరో చెప్పారట. స్టాటా మాన్యువలే వద్దని చెప్పే పని అది!

మిగతావి చకచకా. కలిపే ముందు సార్ట్ చేయడం ఆర్‌లో అక్కర్లేదు, సాస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో 'బై' (కీ ఏదో చెప్పే ఆదేశం)తో మెర్జ్ చేసేటప్పుడు కావాలి. కోడ్ ముందున్న సున్నాలు ఎగిరిపోకుండా దాన్ని అక్షరాలుగానే చదివించండి. ఖాళీ విలువలు జతపడవని నమ్మకండి: ఆర్‌లో కీ ఖాళీగా ఉన్న వరుసలు కూడా, మీరు వద్దని చెప్పకపోతే, ఒకదానికొకటి జతపడతాయి.