ట్రాన్స్ మహిళలు జైలుకెళ్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

గోదావరి జిల్లాల కోర్టుల్లో రిమాండ్ ఖైదీల తరఫున ఉచిత న్యాయ సహాయం చేసే వకీలుని. హిజ్రాల, అంటే ట్రాన్స్ మహిళల, కేసు వచ్చిందంటే పోలీసుల దగ్గరా, తోటి ప్లీడర్ల దగ్గరా, ఒక్కోసారి ఆ అమ్మాయిల నోటా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: లింగమార్పిడి ఆపరేషన్ కాకపోతే మగవాళ్ల బ్యారక్‌లోనే వేస్తారు, రూలే అంత.

వాస్తవం: అలాంటి రూలేం లేదండీ. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, దానికి ఆపరేషన్ షరతు పెట్టడం చెల్లదనీ 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైల్లో చేర్చుకునేటప్పుడు, సోదా చేసేటప్పుడు, బట్టలిచ్చేటప్పుడు, ఎక్కడ ఉంచాలన్నప్పుడు ఆ గుర్తింపునే గౌరవించాలని 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది. జైళ్లు రాష్ట్రాల చేతిలోవి కాబట్టి ఆ రాసింది సలహా వరకే, అదీ నిజమే.

చిక్కంతా వారంట్ దగ్గర, అంటే జైలుకు పంపమని కోర్టు ఇచ్చే కాగితం దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఉన్న పాత పేరు, దాని పక్కన తండ్రి పేరు, 'పురుషుడు' అని రిమాండ్ రిపోర్టులో రాసేస్తారు. అదే వారంట్‌లోకి ఎక్కుతుంది. చీకటి పడ్డాక రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దగ్గర చీర కట్టుకున్న మనిషి నిలబడితే, డ్యూటీలో ఉన్నాయన ఆమె మొహం చూడడు, కాగితం చూస్తాడు. అందుకే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడే చెప్పాలి, వకీలు చేత మెమో, అంటే ఆ సంగతి రాసిన కాగితం, కోర్టులో వేయించాలి. అప్పుడు తప్పిపోతే జైలు సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వారంట్ సవరించమని కోర్టును కోరవచ్చు.

అపోహ: విడిగా ఉంచితే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: విడిగా ఉంచడం వేరు, ఒంటరిగా పడేయడం వేరు. 'నీ భద్రత కోసమేనమ్మా' అంటూ ఒక్కర్తినే వారాల తరబడి గదిలో పెడితే దాన్ని నేను శిక్షనే అంటాను. వేరు గదుల వల్ల పూర్తి ఏకాంతం రాకూడదని ఆ హోంశాఖ లేఖలోనే ఉంది.

అపోహ: హార్మోన్ మాత్రలు సోకు కోసం.

వాస్తవం: నిర్వాణం (మగ అవయవాలు తీసేసే ఆపరేషన్) అయినవాళ్ల ఒంట్లో ఆ హార్మోన్లు సరిపడా తయారు కావు. మందు ఆగితే ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర ఉండదు, ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి. కానీ చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే అలవాటు చాలామందిది. చీటీ లేని మందు జైలు డాక్టరు ఎలా ఇస్తాడు? రిమాండుకు ముందు ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష చేయిస్తారు కదా, అక్కడే మందు పేరు చెప్పి రాయించుకోండి.

అపోహ: గురువు (హిజ్రాల్లో చేరదీసి పెద్దదిక్కుగా ఉండే ఆమె) బంధువు కాదు, ములాఖత్ ఇవ్వరు.

వాస్తవం: స్నేహితులూ కలవొచ్చు. కలిసేవాళ్ల జాబితాలో గురువు పేరు రాయించండి, అంతే.

అపోహ: బెయిలొస్తే ఇంటికొచ్చినట్టే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుపోతారు. ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చి జామీను నిలబడేవాళ్లెవరు? కన్నవాళ్లు గడప తొక్కనివ్వరు, జమాత్‌లో, అంటే హిజ్రాల సమూహంలో, తోటివాళ్లవి అద్దె ఇళ్లు. బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరికే) నేరమైతే, అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేనివాళ్లను నిరుపేదలుగా భావించి సొంత పూచీ మీద వదలాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్ చెబుతోంది. వారం దాటగానే ఆ పిటిషన్ వేయమని వకీలుని అడగండి. వకీలే లేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు.